కమిన్స్ 6బీటీ: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు హెడ్‌లో విరిగాయి, హెడ్ దించకుండా తీయొచ్చా?

గోదారి_డీజిల్:
బండి టాటా 2515, ఇంజన్ కమిన్స్ 6బీటీ. లోడు మీద ఎక్కుడు ఎక్కేటప్పుడు టప్ టప్‌మని గ్యాస్ కొడుతోంది. వెనక చివర మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే పోత గొట్టం) అంచున నల్లటి మసి. విప్పి చూస్తే 6వ సిలిండర్ బోల్టులు రెండూ తెగిపోయి ఉన్నాయి. ఒకటి 4 మి.మీ. బయటికి ఉంది. రెండోది హెడ్ (సిలిండర్ల పై మూత) ముఖం కంటే 2 మి.మీ. లోపలికి విరిగింది, విరిగిన చోటు ఏటవాలుగా ఉంది. టర్బో, మానిఫోల్డ్ దించేశాం. ఈజీ అవుట్ (విరిగిన బోల్టులో రంధ్రం చేసి, అందులో దించి విప్పే వైపు తిప్పే పనిముట్టు) పెట్టి తిప్పేయమంటున్నారు కొందరు. వెల్డింగ్ పెడితే హెడ్ పగులుతుందని ఇంకొందరు. హెడ్ దించకుండా పని అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి అన్నా.

హెడ్_మిస్త్రి:
హెడ్ దించక్కర్లేదు తమ్ముడూ. ఈజీ అవుట్ మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. వేడికి తుప్పు పట్టి బిగుసుకున్న బోల్టు అది. ఈజీ అవుట్ మేకులా దిగుతుంది కాబట్టి ముక్క గోడల్ని బయటికి నెట్టి ఇంకా బిగిస్తుంది. చివరికి అదే లోపల విరుగుతుంది. దాని ఉక్కు మామూలు డ్రిల్ బిట్టుకు లొంగదు. కార్బైడ్ బర్ (గట్టి ఉక్కును అరగదీసే ముక్కు) గానీ, స్పార్క్ ఎరోజన్ మిషను (కరెంటు రవ్వలతో లోహాన్ని కరిగించి తీసేది) గానీ కావాలి, అప్పుడు హెడ్ దించక తప్పదు.

ముందు 6వ పోర్టులో (హెడ్‌లోంచి పొగ బయటికొచ్చే రంధ్రం) గుడ్డ గట్టిగా కుక్కండి, పక్క పోర్టులూ మూయండి. వెల్డింగ్ రవ్వ గానీ డ్రిల్ పొట్టు గానీ లోపల పడితే, వాల్వ్ తెరిచి ఉంటే సిలిండర్‌లోకి పోతుంది, లేదంటే స్టార్ట్ చేయగానే టర్బో రెక్కల్ని కొడుతుంది. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసుకోండి.

బయటికి ఉన్నదాంతో మొదలుపెట్టండి. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, దాని మీద ఎం12 నట్ (12 మి.మీ. బోల్టుకు పట్టేది) కూర్చోబెట్టి, నట్ మధ్యలోంచి వెల్డ్ చేయండి. 2.5 మి.మీ. 7018 రకం వెల్డింగ్ రాడ్డు, 80 ఆంపియర్ల దగ్గర. రాడ్డు పొడిగా ఉండాలి, చెమ్మ పట్టిన రాడ్డుతో వేసిన వెల్డ్ తిప్పగానే చిట్లుతుంది. ఆర్క్‌ని బోల్టు ముక్క నడిమధ్యన మొదలుపెట్టి నట్ గోడ వైపు తెచ్చి నింపండి. హెడ్ పగులుతుందన్న భయం వద్దు, వెల్డ్ పడేది బోల్టు మీద, హెడ్ మీద కాదు.

అసలు పని చేసేది నట్ కాదు, వేడి. బోల్టు ఎర్రబడి ఉబ్బి తుప్పును నలుపుతుంది, చల్లారుతూ కుంచించుకుని సందు వదులుతుంది. ఎరుపు పోయి నల్లబడ్డాక కొవ్వొత్తి ఆనించండి, మైనం కరిగి త్రెడ్డులోకి దిగుతుంది. చేత్తో పట్టుకునేంత చల్లబడ్డాక స్పానర్ వేసి ముందు కాస్త బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అటూ ఇటూ ఆడించండి. పావు చుట్టు కదిలితే వెంటనే లాగేయకండి, నూనె వేస్తూ ముందుకీ వెనక్కీ తిప్పుతూ తీయండి. నట్ ఊడితే ఇంకో నట్. ప్రతిసారీ పడే వేడి వృథా పోదు.

బ్యాటరీ టెర్మినళ్లు రెండూ, ఆల్టర్నేటర్ వైరు విప్పేయండి. ఎర్త్ క్లాంపు హెడ్ మీదే, బోల్టుకు దగ్గరగా. ఛాసిస్ మీద పెడితే కరెంటు బేరింగుల గుండా పోవచ్చు. బీఎస్4, బీఎస్6 బండ్లు చేసేవాళ్లు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కనెక్టర్లు కూడా తీయాలి. ఇంకొకటి, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట వెల్డింగ్ వద్దే వద్దు, వచ్చే పొగ ప్రాణం తీస్తుంది.

గోదారి_డీజిల్:
బయటికి ఉన్నది వచ్చేసింది అన్నా, చాలా థాంక్స్. లోపల ఉన్నదానికి రాగి గొట్టం ముక్క దూర్చి వెల్డ్ పోసి పైకి తెచ్చాం. కానీ నట్ తిప్పితే వెల్డే ఊడుతోంది, ముక్క కదలట్లేదు.

లేత్_షెడ్:
ఇక డ్రిల్లింగే. ముక్క నడిమధ్యన రంధ్రం పడితే పని సగం అయినట్టే, పక్కకి పోతే హెడ్ త్రెడ్డు పోయినట్టే. బోల్టు ఉక్కు గట్టిది, హెడ్ పోత ఇనుము మెత్తన. అందుకే బిట్టు ఎప్పుడూ హెడ్ వైపే జారాలని చూస్తుంది.

వెల్డ్ మిగులు, ఏటవాలు రెండూ చిన్న గ్రైండింగ్ రాయితో చదును చేయండి. లేత్ మీద గైడ్ బుష్ ఒకటి చేయించండి: బయటి సైజు మానిఫోల్డ్ రంధ్రంలో ఊగకుండా కూర్చునేలా, లోపల 5 మి.మీ. టర్బో లేకుండా ఖాళీ మానిఫోల్డ్‌ని మిగతా బోల్టులతో బిగించి, ఆ బుష్‌లోంచి డ్రిల్ వేయండి. మిషను కాస్త వంగినా బిట్టు వంగదు. అయితే ముందు టార్చి వేసి, విరిగిన ముక్క మానిఫోల్డ్ రంధ్రానికి నడిమధ్యన కనిపిస్తోందో లేదో చూసుకోండి. పాత మానిఫోల్డ్ కుంచించుకుని ఉంటే రంధ్రాలు కలవవు. అప్పుడు మందపాటి ప్లేటుతో గైడ్ చేయించాలి.

త్రెడ్డు ఎం10 (10 మి.మీ.), పిచ్ (మరల మధ్య దూరం) 1.5 మి.మీ. మొదట 5 మి.మీ. కోబాల్ట్ బిట్టు, 800 నుంచి 900 ఆర్‌పీఎం, కటింగ్ ఆయిల్ వేస్తూ గట్టిగా నొక్కి. నెమ్మదిగా రుద్దితే ఉక్కు ఇంకా గట్టిపడుతుంది. ఎడమ చేతి బిట్లు దొరికితే అవే వాడండి, మిషను రివర్సులో తిరుగుతుంది కాబట్టి చాలాసార్లు ముక్క దానంతటదే తిరిగి వచ్చేస్తుంది. పొట్టు మీద కన్నుంచండి. చుట్టలు చుట్టలుగా వస్తుంటే బోల్టులో ఉన్నట్టు. బూడిద రంగు పొడి కనిపించిందా, హెడ్‌లోకి పోతున్నట్టు, ఆపేయండి. బోల్టు వచ్చేసిన పక్క రంధ్రం లోతు తీగతో కొలిచి, బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. పోర్టుల చుట్టూ నీళ్లు తిరుగుతాయి, లోతు మించితే వాటర్ జాకెట్టులో (ఆ నీళ్ల దారిలో) పడొచ్చు.

5 తర్వాత 6.5, తర్వాత 8. నడిమధ్యన ఉంటే చివరగా 8.4. ఆ తర్వాత మిగిలేది సన్నటి స్ప్రింగులాంటి త్రెడ్డే. సూదిమొన పనిముట్టుతో మొదటి చుట్టు లేపి శ్రావణంతో లాగితే ఊడి వస్తుంది. ఎం10 ట్యాపు (త్రెడ్డు కోసే పనిముట్టు) చేత్తో అడుగుదాకా నడిపి గాలి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకుని.

పక్కకి పోయిందా, హెలికాయిల్ (పాడైన త్రెడ్డు బదులు దించే స్ప్రింగులాంటి కొత్త త్రెడ్డు). 10.4 మి.మీ. డ్రిల్, కిట్టులో వచ్చే ట్యాపు, 15 మి.మీ. ఇన్సర్ట్ హెడ్ ముఖం కంటే అర చుట్టు లోపలికి దించి, అడుగునున్న తోక విరిచి బయటికి తీసేయండి. పెద్ద బోల్టు వేద్దామని ఎం12 ట్యాపు కొట్టకండి, మానిఫోల్డ్‌లో వ్యాకోచానికి ఉంచిన సందు పోతుంది.

ఘాట్_రోడ్డు:
బోల్టు తీయడం ఎంత ముఖ్యమో అది ఎందుకు విరిగిందో చూడడం అంత ముఖ్యం. పోత ఇనుము మానిఫోల్డ్ సుమారు 700 మి.మీ. పొడవు ఉండి 500 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, దాదాపు 4 మి.మీ. సాగుతుంది. హెడ్ నీళ్లతో చల్లగా ఉంటుంది కనుక అందులో ఆరో వంతు కూడా సాగదు. ఆ తేడా అంతా రెండు చివరల బోల్టుల మీద పడుతుంది. 1, 6 సిలిండర్ల దగ్గరే ఎక్కువ విరగడానికి కారణం అదే.

మానిఫోల్డ్ ముఖం మీద స్కేలు పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి ఉక్కు ఆకులు) తోసి చూడండి. 0.2 మి.మీ. ఆకు దూరుతుంటే నేనైతే గ్రైండింగ్ చేయించకుండా బిగించను. బోల్టులన్నీ చేత్తోనే త్రెడ్డు పట్టాలి. ఒక్కటి రంధ్రం అంచుకు ఆనినా ఆ మానిఫోల్డ్ కుంచించుకున్నట్టే, కొత్తది వేయండి. పాత బోల్టులు 12కి 12 మార్చేయండి. విరగని పదీ ఇదే వేడి, ఇదే వంపు తిన్నవి. త్రెడ్డుకు రాగి లేదా నికెల్ యాంటీ సీజ్ (త్రెడ్డు పట్టేయకుండా రాసే పేస్టు) పలచగా రాసి, నడిమి సిలిండర్ల నుంచి చివరలకు వస్తూ 43 న్యూటన్ మీటర్ల టార్క్‌కు (బిగింపు బలం) బిగించండి. ఒకసారి లోడు తిరిగి వచ్చి పూర్తిగా చల్లారాక మళ్లీ టార్క్ చూడండి.

గోదారి_డీజిల్:
స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే తుప్పు గొడవ ఉండదంటున్నారు?

ఘాట్_రోడ్డు:
వద్దు. మామూలు స్టెయిన్‌లెస్ పోత ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, వేడికి బిగువు వదిలేస్తుంది, త్రెడ్డు కూడా పట్టేసుకుంటుంది. కంపెనీ బోల్టులే వేయండి, పొడవు పాతవాటితో పోల్చి చూసుకుని.