చెన్నై అంబత్తూరులో కొత్తగా సూపర్‌వైజర్ అయ్యాను, ట్రైనింగ్ ఎలా?

నాది నెల్లూరు. ఇక్కడ మెషిన్ షాపులో ఎనిమిదేళ్లు లేత్ మీద చేశాను, పోయిన నెల సూపర్‌వైజర్‌ని చేశారు. నిన్నటిదాకా నాతో కలిసి టీ తాగినవాళ్లకే ఇప్పుడు పని చెప్పాలి, తప్పు చేస్తే ఏమనాలో తెలియక ఒకటే టెన్షన్.

గూడూరు అన్న: తమ్ముడూ, టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అని సూపర్‌వైజర్ల ట్రైనింగ్ ఉంది, చూడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్లకు త్వరగా పని నేర్పడానికి 1940లో మొదలుపెట్టారు. పని నేర్పడం, మనుషులతో మెలగడం, పద్ధతి మెరుగుపరచడం అని మూడు కోర్సులు, ఒక్కోటి 10 గంటలే. నేర్పడంలో నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, అతనితో చేయించు, తర్వాత కూడా వెళ్లి చూస్తూ ఉండు. మనవాళ్లు రెండో మెట్టు దగ్గరే వదిలేస్తారు, స్క్రాప్ (పాడైపోయే పీసులు) పెరిగేది అక్కడే.

గిండీ షిఫ్ట్: అందరి ముందూ మాత్రం అనకండి. నేనొకసారి లైన్ మీదే అరిచాను, ఆ తర్వాత వారం పాటు ఆ కుర్రాడు మెషిన్‌లో తేడా వచ్చినా నాకు చెప్పలేదు. పక్కకు పిలిచి ముందు అతని మాట వినండి.

చిత్తూరు వాణి: నేషనల్ ప్రొడక్టివిటీ కౌన్సిల్ అని ట్రైనింగ్‌లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, దానికి చెన్నైలో ఆఫీసు ఉంది, అక్కడ అడగండి. తమిళం కూడా బాగా నేర్చుకోండి.

అడిగినవాడిని: థాంక్స్ అన్నా, అందరికీ. రేపు కొత్త హెల్పర్‌తో మూడో మెట్టు నుంచి మళ్లీ చేయిస్తాను.