ఇంటికి హబ్‌గా మినీ పీసీ పెట్టాలా, కంపెనీ యాప్ సరిపోతుందా?

కొరిటెపాడు_ఇల్లు

గుంటూరులో కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ ఉన్న ఇల్లు. వైఫై స్విచ్‌లు 12, అన్నీ స్మార్ట్ లైఫ్ యాప్‌లో ఉన్నాయి. రెండు గీజర్లు, 1 హెచ్‌పీ మోటారు, డాబా మీద 1000 లీటర్ల ట్యాంకు, ఇన్వర్టర్. ఎన్100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మినీ పీసీలో హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) వేసి అన్నిటినీ దాని కిందకి తేవాలని ఆలోచన. బయటి నుంచి ఫోన్‌లో చూడాలి, అలెక్సా పలకాలి. అంటే క్లౌడ్ (ఇంటర్నెట్‌లో ఉండే కంపెనీ సర్వర్లు) పూర్తిగా మానేది కాదు. ఇంట్లో వాళ్ళేమో "యాప్ బాగానే ఉందిగా, ఇంకో డబ్బా ఎందుకు" అంటున్నారు. పెట్టాలన్నా వద్దన్నా కారణంతో చెప్పండి.

పటమట_నెట్‌వర్క్

పెట్టండి. కానీ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ముందే చెప్పాలి. మినీ పీసీ కొన్నంత మాత్రాన క్లౌడ్ వదలదు. హోమ్ అసిస్టెంట్‌లో తుయా (స్మార్ట్ లైఫ్ యాప్ కంపెనీ) వాళ్ళ అధికారిక ఇంటిగ్రేషన్, అంటే పరికరాలని హబ్‌కి కలిపే భాగం, వేస్తే, హాల్లో లైటు వేయమన్న ఆదేశం మినీ పీసీ నుంచి తుయా సర్వర్‌కి వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ మీ హాల్లోకి వస్తుంది. ఫైబర్ తెగితే యాప్ ఎలా ఆగిపోతుందో ఇదీ అలాగే ఆగిపోతుంది. డబ్బులు పెట్టి దారి పొడుగు చేసుకున్నట్టే.

స్విచ్‌తో ఇంట్లోనే నేరుగా మాట్లాడాలంటే లోకల్ తుయా లాంటి ఇంటిగ్రేషన్ వేయాలి. దానికి ప్రతి పరికరం లోకల్ కీ (దాని రహస్య కోడ్) కావాలి. తుయా డెవలపర్ ఖాతా తెరిచి, మీ స్మార్ట్ లైఫ్ ఖాతాని దానికి కలిపి, ఆ కీలు తీసుకోవాలి. స్విచ్‌ని రీసెట్ చేసి మళ్ళీ యాప్‌లో చేర్చారంటే కీ మారిపోతుంది, హబ్‌లో ఆ స్విచ్ చచ్చినట్టు కనిపిస్తుంది. రౌటర్‌లో ప్రతి స్విచ్‌కీ ఐపీ రిజర్వ్ చేయకపోయినా ఇదే తంటా. కొన్ని మోడళ్ళు ఒకేసారి ఒక్క లోకల్ కనెక్షనే ఇస్తాయి. ఫోన్‌లో యాప్ తెరిచి ఉంటే హబ్‌కి కనెక్షన్ తెగిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, కంపెనీ సర్వర్ మీద మనకి ఏ హక్కూ లేదు. రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్ కంపెనీని నెస్ట్ కొనేసి 2016 మే నెలలో సర్వర్ మూసేస్తే, కొన్నవాళ్ళ చేతిలో డబ్బా మిగిలింది. ఇన్‌స్టియాన్ అనే ఇంకో స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ముందుగా చెప్పకుండానే ఆగిపోయాయి. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్‌లో ఒక్క ప్రాంతం దెబ్బతింటే అలెక్సా, రింగ్ డోర్‌బెల్ కెమెరాలు రెండూ మొరాయించాయి. నిర్ణయం ఇంట్లో జరగాలి, క్లౌడ్ బయటి నుంచి లోపలికి రావడానికి ఒక తలుపుగా మాత్రమే ఉండాలి. నా వాదన అంతే.

లక్ష్మీపురం_సింపుల్

పటమట గారు చెప్పినవన్నీ నిజమే అయినా 12 స్విచ్‌ల ఇంటికి ఇది ఎక్కువే అంటాను. లెక్క చూడండి. మినీ పీసీ ఊరికే ఉన్నప్పుడు 8 నుంచి 10 వాట్లు. 10 వాట్లు అనుకుంటే ఏడాదికి 87.6 యూనిట్లు, యూనిట్‌కి 6 రూపాయలు వేసుకున్నా 525 దాటుతుంది. అది పెద్ద మొత్తమేం కాదు, ఒప్పుకుంటాను. దానికి తోడు జిగ్బీ (వైఫై కాకుండా స్మార్ట్ పరికరాలు వాడే వేరే వైర్‌లెస్ పద్ధతి) డాంగిల్, యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ కేబుల్ కలుస్తాయి. అసలు ఖర్చు మనిషి. హోమ్ అసిస్టెంట్‌కి నెలనెలా కొత్త వెర్షన్ వస్తుంది, కొన్నిసార్లు పాత ఇంటిగ్రేషన్ పనిచేయడం మానేస్తుంది. పెట్టినాయన హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళకి గీజర్ ఆగిపోతే ఎవరు చూస్తారు? యాప్ అయితే ఫోన్ మార్చినా లాగిన్ అయితే చాలు.

లైట్లు, ఫ్యాన్లు క్లౌడ్‌లో ఉండనివ్వండి. నెట్ పోతే గోడ మీద బటన్ నొక్కుకుంటారు. మోటారు విషయం మాత్రం క్లౌడ్‌కీ వద్దు, మినీ పీసీకీ వద్దు. ట్యాంకు నిండగానే మోటారుని ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టండి, అయిపోయింది.

వన్‌టౌన్_వైరింగ్

మోటారు మాట వచ్చింది కాబట్టి వైరింగ్ వైపు నుంచి వివరంగా రాస్తాను. ఇక్కడ తప్పు చేస్తే హబ్ ఏదైనా ఒకటే.

1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడుస్తున్నప్పుడు దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు. స్మార్ట్ స్విచ్ మీద 10 ఆంపియర్లనో 16 అనో రాసి ఉంటుంది, అది మామూలుగా హీటర్ లాంటి లోడుకి చెప్పే అంకె. మోటారుని నేరుగా దానికి తగిలిస్తే లోపలి రిలే కాంటాక్టులు కొన్నాళ్ళకి అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, మోటారు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ట్యాంకు పొర్లుతుంది, సంపు ఖాళీ అయితే మోటారు నీళ్ళు లేకుండా తిరిగి కాలిపోతుంది.

స్మార్ట్ స్విచ్ కాంటాక్టర్ (మోటారు లాంటి లోడుని ఆన్, ఆఫ్ చేసే పెద్ద రిలే) కాయిల్‌ని మాత్రమే నడపాలి. కాంటాక్టర్ ఏసీ-3 (మోటారు లోడుకి చెప్పే) రేటింగ్‌లో 9 ఆంపియర్లు, ఇంకొంచెం పెద్దదైతే మరీ మంచిది, దాని కింద మోటారు కరెంటుకి సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే. కాయిల్ ఆగినప్పుడు వచ్చే స్పైక్ స్విచ్‌ని రీస్టార్ట్ చేయకుండా కాయిల్‌కి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్, 100 ఓమ్ స్నబ్బర్ (స్పైక్‌ని మింగే కెపాసిటర్, రెసిస్టర్ జత) వేయండి. ఫ్లోట్ స్విచ్‌ని కాయిల్ వైరుకి సిరీస్‌లో కలపండి. ట్యాంకు నిండగానే హబ్ బతికున్నా చచ్చినా, నెట్ ఉన్నా లేకపోయినా కాంటాక్టర్ ఆఫ్ అయిపోతుంది. ట్యాంకులోకి 230 వోల్టులు దించడం ఇష్టం లేకపోతే 24 వోల్టుల కాయిల్, చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఎలా చేసినా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే బ్రేకర్) తప్పనిసరి.

ఇక్కడ హబ్ అవసరం ఎక్కడుందో కూడా చెప్తాను. మోటారు వైరు చుట్టూ కరెంటు సెన్సర్ పెట్టి, ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుతో పీజెమ్-004టీ లాంటి మీటరు నుంచి ఆంపియర్లు చదివించండి. స్విచ్ ఆఫ్‌లో ఉండి ఇంకా 1 ఆంపియర్ పైన కనిపిస్తే కాంటాక్టు అతుక్కుంది, ఫోన్ మోగాలి. మోటారు ఆన్‌లో ఉండి మామూలు కంటే బాగా తక్కువ లాగుతుంటే నీళ్ళు అందడం లేదు, అరనిమిషంలో ఆపేయాలి. ఈ పని ఫ్లోట్ స్విచ్ చేయదు. నెట్ లేనప్పుడు క్లౌడ్ యాప్ కూడా చేయదు.

ఇంకోటి. పాత ఇళ్ళ స్విచ్‌బోర్డులో ఫేజ్, లైటు వైరు తప్ప న్యూట్రల్ ఉండదు. ఆ చోట ఎర్త్ వైరుని న్యూట్రల్‌గా వాడి స్మార్ట్ స్విచ్ బిగించేవాళ్ళున్నారు. దయచేసి ఒప్పుకోకండి. ఆర్‌సీసీబీ పడిపోతూ ఉంటుంది, ఎర్త్ ఎక్కడైనా తెగితే దానికి కలిసిన గీజర్ బాడీకి కరెంటు వస్తుంది. న్యూట్రల్ లాగించండి, లేదా న్యూట్రల్ అక్కర్లేని మోడల్ కొనండి.

గుణదల_జిగ్బీ

కొత్తగా కొనే స్విచ్‌లైతే జిగ్బీ తీసుకోండి, లోకల్ కీల గొడవే ఉండదు. అయితే న్యూట్రల్ లేని జిగ్బీ స్విచ్‌లు మామూలుగా పక్క పరికరాల సిగ్నల్ మోయవు. పై పోర్షన్‌కి స్లాబ్ దాటి వెళ్ళాలంటే మెట్ల దగ్గర న్యూట్రల్ ఉన్న స్విచ్ ఒకటో, జిగ్బీ ప్లగ్గో ఉండాలి.

మినీ పీసీలో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకి డాంగిల్‌ని నేరుగా గుచ్చకండి. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది, జిగ్బీ కూడా అక్కడే ఉంది. పరికరాలు వస్తూ పోతూ ఉంటాయి, మనం స్విచ్‌ని అనుమానిస్తాం. యూఎస్‌బీ 2 పోర్టు, మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్, డాంగిల్ రౌటర్‌కి దూరంగా. వైఫై 1, 6, 11 ఛానళ్ళ మధ్య ఖాళీల్లో జిగ్బీ 15, 20 ఛానళ్ళు, 11 దాటాక 25 పడతాయి. ముందే ఎంచుకోండి, తర్వాత మారిస్తే కొన్ని పరికరాలు మళ్ళీ జత చేయాల్సి వస్తుంది. డాంగిల్ పేరు సెట్టింగ్స్‌లో ఇచ్చేటప్పుడు సీరియల్ బై-ఐడీ దారినే (డాంగిల్‌కి మారకుండా ఉండే పేరు) ఇవ్వండి. టీటీవై (పోర్టు) అంకె రీబూట్‌లో మారిపోవచ్చు.

కొరిటెపాడు_ఇల్లు

మినీ పీసీతో విండోస్ 11 వస్తోంది. దాని మీదే వర్చువల్ బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) హోమ్ అసిస్టెంట్ వేస్తే సరిపోదా? కరెంటు పోయి వస్తే సంగతేంటి?

పటమట_నెట్‌వర్క్

వద్దండి. విండోస్ అప్‌డేట్ వచ్చి రాత్రిపూట రీస్టార్ట్ అయితే హబ్ పడుకుంటుంది, డాంగిల్‌ని వర్చువల్ మెషీన్‌కి మళ్ళీ అప్పగించాల్సి వస్తుంది. బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ ఆపి, ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లేపి, అందులోని డిస్క్స్ ద్వారా హోమ్ అసిస్టెంట్ ఓఎస్ జెనెరిక్ ఎక్స్86-64 ఇమేజ్‌ని ఎస్‌ఎస్‌డీ మీద రాయండి. విండోస్ మొత్తం పోతుంది, తర్వాత కావాలనుకుంటే ముందే బ్యాకప్ తీసుకోండి.

అదే బయోస్‌లో రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనే సెట్టింగ్‌ని పవర్ ఆన్‌కి మార్చండి. లేకపోతే కరెంటు వచ్చాక ఎవరో ఒకరు వెళ్ళి బటన్ నొక్కాలి. ఇన్వర్టర్ మీద ఉంచితే వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ వేసి ఉంచండి. మామూలు మోడ్‌లో మారే సమయం ఎక్కువ, కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. రౌటర్‌కి వాడే 12 వోల్టులు, 2 ఆంపియర్ల చిన్న డీసీ యూపీఎస్‌కి మినీ పీసీ తగిలించాలనుకుంటే ముందు అడాప్టర్ మీద చూడండి. 12 వోల్టులు 3 ఆంపియర్లని ఉంటే అది మోయలేదు, 19 వోల్టులదైతే అసలు పనికిరాదు. ఫైబర్ మోడెమ్, రౌటర్ కూడా బ్యాకప్ మీద ఉండాలి, లేకపోతే వైఫై స్విచ్‌కి మాట అందదు.

బెజవాడ, గుంటూరు మే ఎండల్లో గది వేడి ఏపాటిదో తెలిసిందే. టీవీ కింద మూసిన అరలోనూ, అటక మీదా పెట్టకండి. గోడకి బిగించి, రెండు మూడు నెలలకొకసారి ఫ్యాన్ జాలీ దుమ్ము దులపండి.

బయటి నుంచి చూడటానికి రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీనాట్ (చాలా ఇళ్ళకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇచ్చే పద్ధతి) వెనక ఉన్నారు, బయటి నుంచి నేరుగా దారి తెరిచే పోర్ట్ ఫార్వార్డింగ్ పనిచేయదు. పనిచేసినా హోమ్ అసిస్టెంట్ వాడే 8123 పోర్టు ఇంటర్నెట్‌కి తెరవకండి. మీ ఫోన్లకే అయితే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ చాలు. అలెక్సా కూడా కావాలి కాబట్టి హోమ్ అసిస్టెంట్‌కి క్లౌడ్ సేవ ఇచ్చే నాబు కాసా నెలవారీ చందా తేలిక దారి. రెండంచెల లాగిన్ పెట్టండి. 2025.1 వెర్షన్ నుంచి ఆటోమేటిక్ బ్యాకప్‌లు మామూలుగా ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసి) ఉంటాయి. ఆ తాళం మినీ పీసీలోనే ఉంచితే డిస్కు పోయిన రోజు బ్యాకప్ ఉండీ తెరవలేరు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

లక్ష్మీపురం_సింపుల్

వన్‌టౌన్ గారి కరెంటు సెన్సర్ మాట నన్ను కొంచెం కదిలించింది. నీళ్ళు లేకుండా తిరిగే మోటారుని ఆపడానికి ఇంట్లో ఒక కంప్యూటర్ ఉండటం సబబే. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడ సింగ్ నగర్ వైపు కరెంటు, ఫోన్ సిగ్నల్ రెండూ పోయాయి. అలాంటప్పుడు లోకల్ అన్నా క్లౌడ్ అన్నా తేడా లేదు. కాబట్టి నా షరతు ఒకటే. ప్రతి లోడుకీ చేతితో నడిపే స్విచ్ ఉండాలి, మోటారుకి ఆటో-మాన్యువల్ సెలెక్టర్ ఉండాలి, మాన్యువల్‌లో కూడా ఫ్లోట్ పనిచేయాలి. ఇవి లేని ఇంటికి మినీ పీసీ వద్దనే అంటాను.

వన్‌టౌన్_వైరింగ్

ఒప్పుకుంటున్నాను. దానికి ఇంకోటి కలపండి. కరెంటు పోయి వచ్చాక స్విచ్ ఏ స్థితిలో లేవాలనే సెట్టింగ్ ఉంటుంది. మోటారు, గీజర్లకి ఆఫ్ పెట్టండి. "పాత స్థితి" అని వదిలేస్తే తెల్లవారుజామున మూడింటికి కరెంటు వచ్చి మోటారు దానంతటదే మొదలవుతుంది.

కొరిటెపాడు_ఇల్లు

మోటారు, దాని సెన్సర్, మెట్ల లైట్లు హబ్ కిందకి తెస్తాను. మిగతా లైట్లు ప్రస్తుతానికి స్మార్ట్ లైఫ్‌లోనే. గీజర్లే తేలలేదు. 2 కిలోవాట్లవి రెండు, టైమర్ ఎక్కడ పెట్టాలి?

పటమట_నెట్‌వర్క్

స్విచ్‌లోనే. ఇంచింగ్ (ఆన్ అయ్యాక పెట్టిన సమయానికి దానంతటదే ఆగే సౌకర్యం) ఉన్న 16 ఆంపియర్ల మోడల్ తీసుకుని 20 నిమిషాలు పెట్టండి. ఆన్ చేసింది అలెక్సా అయినా, హబ్ అయినా, గోడ బటన్ అయినా 20 నిమిషాలకి అదే ఆగిపోతుంది. బిగించాక రెండు పరీక్షలు చేయండి. ముందు ఫైబర్ వైరు తీసి, తర్వాత మినీ పీసీ ఆపేసి. గీజర్ రెండుసార్లూ టైముకి ఆగాలి. ఆగకపోతే ఆ మోడల్ వెనక్కి ఇచ్చేయండి.

లక్ష్మీపురం_సింపుల్

దీనికి నేనూ సరేనంటున్నాను. మెట్ల లైట్లకి హబ్ ఎందుకో మాత్రం ఇంకా అర్థం కాలేదు, సెన్సర్ ఉన్న బల్బు చాలు.