అసమానత లేకుండా సమాజం నడవదా? డేవిస్, మూర్ వాదన మీద చర్చ

సందేహజీవి:
1945లో అమెరికన్ సమాజశాస్త్రవేత్తలు కింగ్స్‌లీ డేవిస్, విల్బర్ట్ మూర్ రాసిన వ్యాసం సారాంశం ఇది. సమాజానికి కొన్ని పనులు మిగతావాటికంటే కీలకం. వాటికి ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. అంత కష్టానికి తగ్గ డబ్బూ గౌరవమూ దక్కకపోతే సమర్థులు అటువైపే రారు. కాబట్టి అసమానత ప్రతి సమాజంలోనూ ఉండక తప్పదు. ప్రకార్యవాదుల ధోరణే ఇది: ఏదైనా ఇంతకాలం నిలిచిందంటే అది సమాజానికి ఏదో మేలు చేస్తూనే ఉండాలంటారు. ఇది వివరణేనా, ఉన్నదాన్ని వెనకేసుకు రావడమా?

ఎర్రసిరా:
వెనకేసుకు రావడమే. 2020 లాక్‌డౌన్లలో చాలా దేశాలు అత్యవసర సేవల జాబితాలు ప్రకటించాయి. చెత్త ఎత్తేవాళ్లు, సరుకులు చేరవేసేవాళ్లు, ముసలివాళ్లను చూసుకునేవాళ్లు అందులో ఉన్నారు. వీళ్లలో ఎక్కువమందివి చిన్న జీతాలే. కీలకమైన పనికే పెద్ద ప్రతిఫలం అన్న సూత్రం అక్కడే చతికిలపడింది. సమాజాన్ని గుంపుల మధ్య పోరుగా చూసే సంఘర్షణ సిద్ధాంతం సూటిగా అడుగుతుంది, ఈ ఏర్పాటు వల్ల లాభం ఎవరికి అని.

పాతపాఠకుడు:
ఎర్రసిరా గారూ, మీరు సగం వాదనకే జవాబిచ్చారు. వాళ్లు రెండు విషయాలు చెప్పారు: పని ప్రాముఖ్యం, దానికి తగిన మనుషుల కొరత. చెత్త ఎత్తడం కీలకమే, కానీ నేర్చుకోవడానికి పదేళ్లు పట్టదు. అందుకే జీతం పెరగదు. అది న్యాయమా కాదా అన్నది వేరే సంగతి. ఇంకో మాట. సమానత్వం పేరు చెప్పుకున్న సోవియట్ యూనియన్‌లోనే 1931లో స్టాలిన్ జీతాలను సమానం చేయడాన్ని తప్పుపట్టాడు. నైపుణ్యం ఉన్నవాళ్లకు ఎక్కువ ఇవ్వాల్సిందే అన్నాడు.

ఎర్రసిరా:
స్టాలిన్‌ని సాక్షిగా పిలుస్తారనుకోలేదు! సరే, అసలు కారణం కొరతే అయితే ప్రాముఖ్యం ఊసెందుకు? అది మార్కెట్ లెక్క అవుతుంది. పైగా ఆ కొరత ఆకాశం నుంచి ఊడిపడలేదు. వృత్తి సంఘాలు లైసెన్సులూ డిగ్రీలూ అడ్డుపెట్టి కొత్తవాళ్లను బయట ఆపగలవు. ఒక గుంపు తన అవకాశాలను ఇలా ఇతరులకు అందకుండా మూసేసుకోవడం గురించి జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఎప్పుడో రాశాడు. 1953లో సమాజశాస్త్రవేత్త మెల్విన్ ట్యూమిన్ డేవిస్, మూర్ వాదనను ఇంకా గట్టిగా కొట్టాడు. పుట్టిన ఇంటిని బట్టి చదువు అందుతుంటే, అడుగున ఎంత ప్రతిభ మరుగున పడిందో ఆ సమాజానికే తెలియదన్నాడు.

అద్దంలోమనిషి:
మీ ఇద్దరూ ప్రతిభ ముందే తయారై ఉన్నట్టు మాట్లాడుతున్నారు. రోసెంతాల్, జాకబ్‌సన్ 1968లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఒక ప్రాథమిక పాఠశాలలో కొందరు పిల్లల పేర్లు టీచర్లకిచ్చి, వీళ్లు త్వరలో బాగా పుంజుకుంటారని చెప్పారు. నిజానికి ఆ పేర్లు లాటరీ తీసినట్టు ఎంచినవే. తర్వాత పరీక్షిస్తే ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల ఐక్యూ స్కోర్లు మిగతావాళ్లకంటే బాగా పెరిగాయి. మనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే అర్థాల్లోంచే సమాజం తయారవుతుందని ప్రతీకాత్మక పరస్పర చర్యావాదులు అనేది ఇందుకే.

పాతపాఠకుడు:
ఆ ప్రయోగం మీద విమర్శలు చాలా ఉన్నాయి. పై తరగతుల్లో తేడా పెద్దగా కనబడలేదు. అయినా టీచర్ నమ్మకం ఒక తరగతి గదిని వివరిస్తుందేమో గానీ, సంపద కొద్దిమంది చేతుల్లోనే ఎందుకు పోగుపడిందో చెప్పదు.

సందేహజీవి:
సంపద మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. వారసత్వపు ఆస్తి ఏ పనికీ ప్రతిఫలం కాదు కదా. డేవిస్, మూర్ లెక్కలో దానికి చోటెక్కడ?

పాతపాఠకుడు:
సరిగ్గా ఇమడదు. అక్కడ నేను ఇంకో ప్రకార్యవాది రాబర్ట్ మెర్టన్ వైపు వెళ్తాను. ఒక ఏర్పాటు మొత్తం సమాజానికి మేలని ముందే అనేసుకోకండి, ఎవరికి మేలో ఎవరికి కీడో విడదీసి చూడండి అని 1949లోనే ఆయన వాదించాడు. వారసత్వం ఆ కుటుంబానికి భద్రత, బయటి ప్రతిభకు అడ్డంకి. ప్రకార్యవాదం అంతవరకు తీసుకెళ్తుంది. ఆ అడ్డంకిని ఎవరు, ఏ బలంతో నిలబెడుతున్నారో తేల్చాలంటే ఎర్రసిరా గారి దారే పట్టాలి.

ఎర్రసిరా:
ఈ చివరి వాక్యం స్క్రీన్‌షాట్ తీసుకున్నా.