మాంసం లేని బ్లోట్: శాకాహార హీథెన్లు ఏం వండుతారు, ఏం అర్పిస్తారు?

ఉత్తరదిక్కు:
క్రైస్తవానికి ముందు ఉత్తర యూరప్‌లో కొలిచిన దేవుళ్లను ఇప్పుడు మళ్లీ కొలిచేవాళ్లే హీథెన్లు. ఆసాత్రూ, ఇతర జర్మానిక్ హీథెన్ పద్ధతులు పాటించే శాకాహారులకు మొదటి చిక్కు బ్లోట్ దగ్గరే వస్తుంది. సాగాల (పాత ఐస్లాండు గాథల) ప్రకారం అది పశుబలి. రక్తం గిన్నెలో పట్టి, రెమ్మతో గోడల మీదా మనుషుల మీదా చల్లి, మాంసం ఉడికించి అందరూ తినేవారు. మాంసం తీసేస్తే ఆ చోట ఏం పెట్టాలి? వాదం కన్నా విధానం ఎక్కువ ఉండేలా రాయండి.

గింజలమూట:
బదులు వెతకడంలోనే పొరపాటు ఉందండీ. బీడ్ అనే ఇంగ్లీషు క్రైస్తవ సన్యాసి 725లో ఇంగ్లండు పాత నెలల గురించి రాస్తూ నవంబరును పశువులు అర్పించే నెల అన్నాడు, ఫిబ్రవరిని దేవుళ్లకు రొట్టెలు అర్పించే నెల అన్నాడు. రొట్టె నైవేద్యానికి తన నెల తనకే ఉంది. ఎకర్‌బోట్ అనే పాత ఇంగ్లీషు పొలం మంత్రం కూడా అన్ని రకాల పిండి కలిపి, పాలు, పవిత్ర జలంతో పిసికి, అరచేయంత రొట్టె కాల్చి మొదటి చాలులో పెట్టమంటుంది. (పవిత్ర జలం క్రైస్తవం కలిశాక వచ్చింది. హీథెన్లు ఊటనీరు వాడొచ్చు.)

కొలత: గోధుమపిండి 60 గ్రాములు, రై, బార్లీ, ఓట్స్ పిండి 20 చొప్పున, పాలు 75 మి.లీ., చిటికెడు ఉప్పు. అర అంగుళం మందాన తట్టి, పెనం మీద సన్న సెగన ఒక్కోవైపు 7 నిమిషాలు. గోధుమ మొత్తం పిండిలో సగం కన్నా తగ్గిస్తే తిప్పేటప్పుడు విరిగిపోతుంది, మిగతా పిండ్లకు సాగే గుణం తక్కువ.

పొయ్యిరాయి:
యూల్ అనే నడి చలికాలపు పండక్కి పంది ఆకారంలో రొట్టె చేసేవాళ్లు చాలామంది. పాత కథల్లో యూల్ రాత్రి మగపందిని సభలోకి తెచ్చి, దాని వెంట్రుకల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసేవారు. ఇప్పుడు చెయ్యి రొట్టె మీద పెడతారు.

మైదా 500 గ్రాములు, పాలు 275 మి.లీ., వెన్న 75, చక్కెర 60, పొడి ఈస్టు 7, ఉప్పు 6 గ్రాములు. పాలు గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి కాలేంత వేడిగా ఉంటే ఈస్టు చచ్చిపోతుంది. 10 నిమిషాలు పిసికి, రెట్టింపయ్యేదాకా గంటసేపు ఉంచండి. ఆకారం చేశాక 25 నిమిషాలకు మించి పొంగనివ్వకండి, మించితే కాళ్లు ఒంట్లో కలిసిపోయి పంది కాస్తా బంతి అవుతుంది. 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. ముక్కు, చెవులు ముందే మాడతాయి కాబట్టి 15 నిమిషాలయ్యాక వాటికి అల్యూమినియం రేకు చుట్టండి.

ఉత్తరదిక్కు:
పైపూతకు గుడ్డు వాడొచ్చా?

పొయ్యిరాయి:
ఇక్కడ మన భాషకూ యూరప్ వాడుకకూ తేడా ఉంది. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తినేవాళ్లు కూడా. మన శాకాహారిని పిలిస్తే గుడ్డు, పందికొవ్వు, జెలటిన్, జున్ను విరవడానికి వేసే దూడ పొట్ట రెన్నెట్, నాలుగూ ముందే అడిగి తెలుసుకోవాలి. పూతకు పాలు, చెంచాడు తేనె చాలు.

తేనెచుక్క:
రక్తం బదులు చల్లడానికి బీట్‌రూట్ రసం వాడేవాళ్లున్నారు. నాకు నచ్చదు. బట్టల మరకలు సరే, రక్తంలా నటించడం దేనికి? దేవుళ్ల పేర తాగే మీడ్‌నే (తేనె పులియబెట్టి చేసే మద్యం) వేరే గిన్నెలో పోసి, జూనిపర్ రెమ్మ ముంచి చల్లండి. తాగే పాత్రలో మాత్రం రెమ్మ ముంచకూడదు. పచ్చగా కనబడిందని యూ చెట్టు రెమ్మ కోసేస్తారు, దాని ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే.

మీడ్‌కు కిలో తేనె, నీళ్లు కలిపి మొత్తం 4 లీటర్లు. తేనెలో నత్రజని బాగా తక్కువ, అందుకే ఈస్టు మధ్యలో ఆగిపోతుంది. ఈస్టు పోషకం వేయాలి. తేరడానికి కొందరు జెలటిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ కలుపుతారు. కొనేటప్పుడు అడగండి, ఇంట్లో అయితే బెంటొనైట్ మట్టి వాడండి. తేనె కూడా వద్దనే వీగన్లకు ఆపిల్ సైడర్ ఉంది.

కొమ్ముపాత్ర తప్పనిసరేం కాదు. వైకింగుల కాలపు చెక్క గిన్నెలు, గాజు పాత్రలు తవ్వకాల్లో దొరికాయి.

గింజలమూట:
అందరూ మరిచేది ఇంకోటుంది. నార్వే రాజు హాకోన్ క్రైస్తవుడు. బ్లోట్‌లో గుర్రం మాంసం తిననంటే రైతులు ఊరుకోలేదు, చివరికి కుండ పిడికి బట్ట చుట్టి దాని మీద నోరు తెరిచి నిలబడ్డాడని హైమ్‌స్క్రింగ్లా అనే నార్వే రాజుల గాథల పుస్తకం చెబుతుంది. ఒకే కుండలోది తినడమే అక్కడ బంధం. అందుకే శాకాహారికి మూలన వేరే పళ్లెం పెట్టడం నా దృష్టిలో తప్పు. అందరూ తినే ఒక వంటకం మాంసం లేకుండా ఉండాలి, పవిత్రం చేసేది దాన్నే.

పన్నెండు మందికి: ఎండు బఠానీ 400 గ్రాములు రాత్రంతా నానబెట్టి, 5 లీటర్ల నీళ్లలో 40 నిమిషాలు ఉడికించి, బార్లీ 600 గ్రాములు, లీక్ (ఉల్లి జాతి కాడ) నాలుగు, టర్నిప్ అరకిలో వేసి ఇంకో 40 నిమిషాలు. బార్లీ పడ్డాక అడుగంటుతుంది, గరిటె వదలకండి. బఠానీ మెత్తబడకపోతే నీళ్లు కఠినమైనవని అర్థం, చిటికెడు వంటసోడా వేయండి.

రాగిచెంబు:
మన దగ్గర మధ్వులు యజ్ఞంలో పిష్టపశువును (పిండితో చేసిన పశువును) వాడినట్టే ఉంది కదా. బలిపశువు కొనేవాడికి ఖర్చయ్యేది, రొట్టెకేముంది అని హీథెన్లలో మాంసాహారులు అడగరా?

గింజలమూట:
అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. హావమాల్ అనే పాత నార్స్ నీతి పద్యాల్లో 145వది మాత్రం అతిగా అర్పించడం కన్నా అడగకపోవడమే మేలంటుంది. ఐస్లాండులో 1972లో ఏర్పడిన ఆసాత్రూవార్‌ఫెలాగిథ్ అనే ఆసాత్రూ సంఘం కూడా జంతుబలిని తిరస్కరిస్తున్నట్టు చెప్పింది. ఖర్చు సంగతంటారా, ఏడాది పాటు పెంచిన ధాన్యం, నెలలు పులిసిన మీడ్ కొన్న మాంసం కన్నా చవకేం కాదు.

తేనెచుక్క:
చెట్టు కింద వదిలే వాటా చిన్నదిగా, అరచేయంత ఉంచండి. రొట్టె బూజు పట్టి పక్షులకు చేటు, ఆపిల్, హేజెల్ గింజలు, ఓట్స్ నయం. రొట్టె పందికి కళ్లుగా ఎండుద్రాక్ష పెడితే ఆ వాటా బయట పెట్టకండి, కుక్కలకు విషం. లవంగాలు పెట్టి, కోసేముందు తీసేయండి.