ఉద్యోగం ఉంది, ఇబ్బంది లేదు. అయినా రోజులు బోసిగా ఎందుకున్నాయి?

ప్రశ్న: రాజాం అమ్మాయి

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్ళు, మాది రాజాం. నాలుగేళ్ళుగా హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తూ, కూకట్‌పల్లిలో ఒక హాస్టల్లో ముగ్గురికి ఒక గది చొప్పున ఇచ్చే చోట ఉంటున్నాను. ఈ పని తెలియని వారి కోసం రెండు మాటలు చెబుతాను. అమెరికాలో వైద్యుడు రోగిని చూసి రాసిన చార్టును మేమిక్కడ చదివి, అందులోని ప్రతి జబ్బుకూ ప్రతి చికిత్సకూ దానికి సంబంధించిన కోడును వేస్తాము. ఆ కోడులను చూసుకునే అక్కడి బీమా సంస్థ ఆసుపత్రికి డబ్బు చెల్లిస్తుంది. అక్కడ 2015 అక్టోబరు నుంచి అమలులో ఉన్న కోడుల పద్ధతిలో బాతు తగిలి దెబ్బతిన్నవారికి సైతం డబ్ల్యూ61.62 అని ప్రత్యేకంగా ఒక కోడు ఉంది. శిక్షణలో ఆ సంగతి విన్న రోజున అందరమూ పొట్ట పట్టుకుని నవ్వాము. ఈ నాలుగేళ్ళలో ఆ బాతు నాకు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. పొద్దున్న లేచింది మొదలు వచ్చేవన్నీ ఐ10, ఈ11.9, అంటే రక్తపోటు, మధుమేహం.

నాకు కష్టమంటూ ఏదీ లేదు. జీతం నెలనెలా పడుతుంది, ఇంటికి పదివేలు పంపుతాను, నాణ్యత 95 శాతానికి తగ్గకుండా చూసుకుంటాను కనుక పై అధికారి కూడా ఏమీ అనరు. అయినా ఆదివారం వచ్చిందంటే నాకు భయంగా ఉంటోంది. డాబా మీద బట్టలు ఆరవేసి కిందికి వచ్చేసరికి పదకొండు అవుతుంది, ఆ తరువాత ఫోను పట్టుకుంటే మళ్ళీ తల ఎత్తేది బట్టలు తీసుకురావడానికే. అమ్మ ఫోను చేసి సంబంధాల గురించి చెబుతుంది. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని ఆమె నమ్మకం. ఖాళీ కుండను ఇంకొకరి ఇంటికి మోసుకెళ్ళినంత మాత్రాన అది నిండుతుందా అని నా అనుమానం.

నా వయసు వారు, నా వయసు దాటి వచ్చిన వారు దయచేసి చెప్పండి. మీ రోజువారీ బతుకులో మీకు సంతోషం ఎక్కడ దొరికింది? ధ్యేయం అనేది నిజంగా ఉందా, లేక అందరూ ఉన్నట్టు నటిస్తున్నారా? తెల్లవారుజామున ఐదింటికి లేవమనీ, కృతజ్ఞతలు డైరీలో రాసుకోమనీ మాత్రం చెప్పవద్దు. రెండూ చేశాను. డైరీలో పదకొండు పేజీలు నిండాయి, అంతకుమించి ఏమీ జరగలేదు.

జవాబు: చిక్కడపల్లి నిరుద్యోగి

రాజాం అమ్మాయి గారూ, మీకు ఉద్యోగం ఉండి రోజులు బోసిగా ఉన్నాయి, నాకు ఉద్యోగం లేకనే అలా ఉండేవి. మూడేళ్ళుగా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూపు పరీక్షలకు చదువుతున్నాను. ఇక్కడ మా అందరిదీ ఒకటే మాట: 'ఉద్యోగం వచ్చాక'. ఊరికి వెళ్ళడం ఉద్యోగం వచ్చాక, సినిమా చూడడం ఉద్యోగం వచ్చాక, చివరికి మనసారా నవ్వడం కూడా ఉద్యోగం వచ్చాకే అన్నట్టుగా వాయిదా వేసుకున్న వారిని వందల మందిని చూశాను, వారిలో నేనూ ఒకడిని.

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఒక చూపులేని అభ్యర్థి, ఎం.ఏ. తెలుగు చదువుతున్నవారు, తనకు పరీక్షలో స్క్రైబ్‌గా, అంటే తాను చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషిగా, వస్తారా అని అడిగారు. స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. నాది డిగ్రీయే కనుక సరిపోయింది. నిజం చెప్పాలంటే కాదనలేక వెళ్ళాను. అటువంటి అభ్యర్థులకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు కాబట్టి మూడు గంటల పరీక్ష కాస్తా నాలుగు గంటలవుతుంది. ఆ నాలుగు గంటలూ నా చదువు పోయిందే అని లోపల లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

ఆ లెక్క మొదటి అరగంటలోనే మరచిపోయాను. నేను ప్రశ్న చదివి వినిపిస్తే ఆయన కాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేసినట్టు కొట్టి, ఆ తరువాత ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోకుండా వాక్యం వెంట వాక్యం చెప్పుకుపోయేవారు. ఒకచోట పద్యం చెప్పి, నేను రాయడం ఆపగానే తల ఇటు తిప్పి, 'ఆ మాటలో శకటరేఫమే వేశారా, మామూలు రకారం వేశారా?' అని మెల్లగా అడిగారు. శకటరేఫమంటే బండి ఱ. నేను వేసింది మామూలు రకారమే. చూపున్నవాడిని నేను, తప్పు కనిపించింది ఆయనకు. దిద్దాను. బయటికి వచ్చాక ఆయన నాకు టీ ఇప్పించి, మళ్ళీ పరీక్ష ఎల్లుండి అని గుర్తుచేశారు.

ఇప్పటికి పద్నాలుగు పరీక్షలు రాశాను, అన్నీ ఇతరులవే. నా పరీక్ష ఫలితం నా చేతిలో లేదు, నోటిఫికేషను తేదీ అంతకన్నా లేదు. ఫలానా రోజు తొమ్మిదింటికి ఫలానా గేటు దగ్గర నా కోసం ఒక మనిషి నిలబడి ఉంటాడన్నది మాత్రం నా చేతిలో ఉంది. దీనిని ధ్యేయమంటారో లేదో నాకు తెలియదు. ఆ రోజుల్లో మాత్రం అలారం మోగకముందే మెలకువ వస్తుంది.

జవాబు: మియాపూర్ వాసి

పై మిత్రుని మాటలు బాగున్నాయి కానీ, సంతోషాన్నీ ధ్యేయాన్నీ ఒకే తాటికి కట్టడం నాకు నచ్చదు. ఇంకొకరికి ఉపయోగపడితేనే సంతోషించే హక్కు ఉందన్నట్టుగా మనల్ని పెంచారు. ఏ ఉపయోగమూ లేని సంతోషాలు కూడా కావాలి.

మీకు కూకట్‌పల్లి నుంచి అమీన్‌పూర్ చెరువు దూరమేమీ కాదు. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, నగరంలోని ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. చుట్టూ అపార్టుమెంట్లు ముంచుకువస్తున్నా, చెత్త పారబోసేవారు పారబోస్తున్నా, చలికాలంలో వలస పక్షులు ఇంకా వస్తూనే ఉన్నాయి. నేను వాటి కోసం కూడా వెళ్ళను. అక్కడ కరెంటు తీగ మీద కూర్చునే ఒక లకుముకి పిట్ట కోసం వెళతాను. అది నీళ్ళలోకి సూటిగా పడి, చేపతో పైకి లేచి, ఆ చేపను కొమ్మకేసి రెండుసార్లు బాది, తల వైపు నుంచి మింగుతుంది. ఐదుసార్లు దూకితే నాలుగుసార్లు ఖాళీ ముక్కుతోనే తిరిగి వస్తుంది, కానీ దానికి 95 శాతం నిబంధన లేదు. బైనాక్యులర్లు కొననక్కరలేదు, ఎవరికీ ఫొటో పంపనక్కరలేదు. ఫోను సంచిలో పెట్టి గంటసేపు కూర్చోండి. మొదటి ఇరవై నిమిషాలు విసుగు పుడుతుంది, అప్పుడే లేచి వచ్చేయకండి.

జవాబు: సైకాలజీ విద్యార్థిని

ఒక్క విషయం చెప్పి తప్పుకుంటాను. ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు కూడా రుచించకపోవడం, నిద్రా ఆకలీ మారిపోవడం, నేను దేనికీ పనికిరాననిపించడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే, అది ధ్యేయానికి సంబంధించిన ప్రశ్న కాకపోవచ్చు, కుంగుబాటు కావచ్చు. అప్పుడు చెరువులనూ సేవలనూ నమ్ముకుని కాలం గడపకుండా వైద్యుని సలహా తీసుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. మీరు రాసిన తీరు, ముఖ్యంగా ఆ బాతు సంగతి చూస్తే అంత దూరం వెళ్ళలేదనే అనిపిస్తోంది, కానీ తెరకు ఇవతల కూర్చుని తేల్చి చెప్పడం తప్పు.

జవాబు: పోచంపల్లి ఆడపడుచు

అమ్మా, నాకు నలభై దాటాయి కనుక చనువుగా నువ్వనే అంటున్నాను. మాది చేనేత ఇల్లు. మగ్గం మీద కూర్చునేది నాన్న, అంతకుముందు ఆసు పోసేది అమ్మ. చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి, రంగులు అద్దడానికి ముందు, ఒక చివర ఉన్న ఒక మేకుకూ ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా ఉన్న మేకులకూ మధ్య నూలును తిప్పుతూ పోవడమే ఆసు. ఒక చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోసిన నాడు రాత్రి అన్నం కలుపుకోవడానికి అమ్మకు కుడి చెయ్యి లేచేది కాదు, ఎడమ చేత్తో తిని మమ్మల్ని అటు చూడవద్దనేది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారింట్లోనూ ఇదే కథ. ఆరో తరగతితో బడి మానేసిన ఆయన, తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక 1992లో, అంటే ఇరవై ఏళ్ళ వయసులో, ఆసు పోసే యంత్రం చేయాలని మొదలుపెట్టారు. ఏడేళ్ళు పట్టింది. మధ్యలో డబ్బు అయిపోయింది, నవ్వినవారు నవ్వారు, ఆయన హైదరాబాదుకు వచ్చి కూలి పని చేసుకుంటూ, బాలానగర్‌లో మరేదో యంత్రం కదలికను చూసి తన యంత్రంలో తెగని ముడి ఎక్కడుందో పోల్చుకున్నారు. 1999లో యంత్రం నడిచింది. చీరకు గంటన్నరలో ఆసు అయిపోయింది. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పద్మశ్రీ కోసం ఈ కథ చెప్పడం లేదు, అందరమూ యంత్రాలు కనిపెట్టలేము. ఇరవై ఏళ్ళ ఆ కుర్రవాడు నా బతుకుకు అర్థమేమిటని అడిగి ఉంటాడని నాకు అనిపించదు. అడిగే తీరిక ఎక్కడిది, నొప్పి పడుతున్న మనిషి అదే గదిలో ఉంది. నీ చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. నువ్వు రోజంతా జబ్బులతోనే గడుపుతున్నావు, కానీ వాటిలో ఒక్కదానికీ ముఖం లేదు. ఆ రక్తపోటు ఎవరిదో, ఆమె ఇంటికి వెళ్ళాక ఎలా ఉందో నీకు ఎన్నటికీ తెలియదు. మా నాన్న నేసిన చీర కట్టుకున్న మనిషి సంతలో కనబడితే ఆయన ఇంటికి వచ్చి ఆ సంగతి రెండు రోజులు చెప్పేవాడు. అప్పులు తీరలేదు, అది వేరే సంగతి. నేతపనిలో అంతా సంతోషమేనని నేను అబద్ధం చెప్పను, నా పిల్లల్ని అందులోకి పంపలేదు కూడా. అయినా ఆ రెండు రోజులు మాత్రం నిజం.

ఉద్యోగం మానమనడం లేదు. నీకు తెలిసిన విద్యను ముఖం ఉన్న మనిషికి ఒక్కసారి వాడి చూడు.

రాజాం అమ్మాయి (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఇది డైరీలోది కాదు.

సైకాలజీ విద్యార్థిని గారూ, నిద్రా ఆకలీ బాగానే ఉన్నాయి. మీ నంబరు మాత్రం రాసిపెట్టుకున్నాను. మియాపూర్ వాసి గారూ, రెండు ఆదివారాలు వెళ్ళాను. మొదటిసారి పదిహేను నిమిషాలకే లేచి వచ్చేశాను. రెండోసారి మీ లకుముకి పిట్ట కనబడింది, తొమ్మిదిసార్లు దూకింది, లెక్కపెట్టే అలవాటు నాకు పోయేది కాదు.

పోచంపల్లి అక్కా, మీ మాట చదివినప్పుడు కొంత కోపం వచ్చింది, చెప్పడం తేలికే అనుకున్నాను. పోయిన గురువారం రాత్రి భోజనం దగ్గర మా హాస్టల్లో వంట చేసే అక్క ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి, తన అత్తగారిని ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాలు చదవమని అడిగింది. నాలుగేళ్ళలో అటువంటి కాగితాలు కొన్ని వేలు చదివి ఉంటాను. ఎదురుగా మనిషిని పెట్టుకుని చదవడం మాత్రం ఇదే మొదలు. హెచ్‌టీఎన్, అంటే రక్తపోటు, అని ఉన్నచోట నా వేళ్ళు అలవాటుగా ఐ10 కొట్టబోయాయి, కానీ అక్కడ కొట్టడానికి కీబోర్డు లేదు, అక్క ముఖం ఉంది. మందుల పక్కన రాసిన 1-0-1 అంటే ఒకటి మానేసి ఒకటి, అంటే రోజు విడిచి రోజు అని ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ వాళ్ళు అనుకుంటున్నారు. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని చెప్పాను. నా మాట మీద ఊరుకోకుండా ఆ కాగితం మీది నంబరుకు ఫోను చేయించి అక్కడి నర్సు చేత కూడా చెప్పించాను. పెద్దావిడకు చదువు రాదు కనుక ఒక అట్టముక్క మీద ఉదయానికి సూర్యుడినీ రాత్రికి చంద్రుడినీ గీసి, వాటి కింద ఒక్కో మాత్ర ఖాళీ రేకు అంటించి ఇచ్చాను. సూర్యుడు కొంచెం దోసెలా వచ్చాడు.

నిన్న అక్క నా కంచంలో అడగకుండానే గోంగూర పచ్చడి ఎక్కువ వేసింది. పెద్దావిడ రోజూ ఆ అట్టముక్క తీసి 'దోసె మాత్ర వేసుకున్నాను' అంటోందట. మంగళవారం రక్తపరీక్ష కాగితం వస్తుంది, చూడాలి. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కూడా ఏవో కాగితాలు తెస్తానన్నాడట.

చిక్కడపల్లి మిత్రమా, స్క్రైబ్‌గా పేరు ఇవ్వాలంటే ఎవరిని కలవాలి? నాది డిగ్రీ, చేతిరాత ఫరవాలేదు. శకటరేఫం మాత్రం మీరే నేర్పాలి.