సమస్య: “అస్తమించెను దూర్పున నర్కుఁ డకట”

నిర్వాహకుడు, బరంపురం
మా వీధిలో కొత్తగా పెళ్లయిన జంట గోపాల్‌పూర్‌లో విడిది చేసి, సెలవుల చివరి రోజున సముద్రాన్ని వెనుక పెట్టుకొని తీయించుకున్న ఫోటోను నిన్న నాకు చూపించారు. నీళ్ల మీద ఎర్రని సూర్యబింబం ఉన్నది; క్రింద “సూర్యాస్తమయం” అని వ్రాసుకున్నారు. 1936 ఏప్రిల్ 1న మన బరంపురం మద్రాసును విడిచి ఒడిశాలో కలిసిందే గాని, గోపాల్‌పూర్‌లో పొద్దు ఏనాడూ సముద్రంలోకి దిగలేదు. అది ఊరివైపే, సరుగుడు తోటల వెనుకకే దిగుతుంది. ఆ ఫోటో చూసి నవ్వు ఆపుకోలేక కట్టినదే, తూర్పున సూర్యుడు అస్తమించాడనే ఈ పాదం. దీనిని చివరి పాదంగా ఉంచి, కొత్త జంట సెలవుల ముగింపు పరంగా పూరించగలరు. అసంభవాన్ని సులువుగా సమర్థించే కల్లు, కల, పిచ్చి అనే మూడు దొడ్డిదారులను ఈసారికి మూసివేస్తున్నాను.

పర్లాకిమిడి పంతులు
మూసిన తలుపు తట్టడంలోనే రుచి ఉన్నది.

కల్లు మత్తునఁ దూలుచుఁ గడలి దరిని
దిక్కు నెఱుఁగక తనయాలి దెసకుఁ జూచి
పలికె నిట్లని పెనిమిటి పట్టలేక
“అస్తమించెను దూర్పున నర్కుఁ డకట”

ఛత్రపురం టీచరు
పంతులు గారి పద్యం ఎప్పటివలె నడకలో నున్నగా ఉన్నది. అయితే ఆ పెనిమిటి పట్టలేకపోయినది దుఃఖమా, నవ్వా, లేక కల్లు ముంతా అన్నది పద్యం చెప్పడం లేదు. పాదం మొదటి ‘ప’తో యతి, అంటే అక్షరాల జత, కుదరడానికి నాలుగవ గణానికి ‘ప’ కావలసి వచ్చినందువల్ల ఆ మాట అక్కడికి వచ్చిందని నేను అనుకోను. పెద్దలు అలా చేయరు.

రాయగడ కుర్రవాడు
నా తొలి ప్రయత్నం. తప్పులుంటే మన్నించి దిద్దగలరు.

సెలవు ముగిసెడి యుదయాన సింధుతటిని
జంట కనుచుండ నప్పుడే జలధి వెడలి
మూఁడు నిమిషము లుండక మొగులు చొచ్చి
అస్తమించెను దూర్పున నర్కుఁ డకట

పర్లాకిమిడి పంతులు
నాయనా, చేయి తిరిగిన పద్యమే. అయితే మబ్బు చాటుకు పోవడం అస్తమించడం అవుతుందా? కాసేపటికి మబ్బు విడిపోతే మళ్లీ ఉదయించాడని ఇంకొక పద్యం వ్రాయవలసి వస్తుంది. నిమిషాలు లెక్కపెట్టడం కూడా కావ్యభాషకు కొంచెం బరువు.

నిర్వాహకుడు, బరంపురం
ఈ ఆక్షేపణతో నేను ఏకీభవించను. ‘వెడలి’, ‘ఉండక’, ‘చొచ్చి’ అనే క్రియలన్నింటికీ కర్తగా నాలుగవ పాదంలోని అర్కుడినే నిలబెట్టి, చివరి మాట వచ్చేదాకా ఎవరి సంగతి చెబుతున్నాడో తెలియనీయకుండా నడిపించిన తీరు ఈ కుర్రవాడి వయసుకు మించినది. పైగా, మరునాడు మళ్లీ వచ్చి చూసే వీలు లేని ఉదయం గనుక ‘అకట’ నిజంగా ఆ జంట నోటి మాటగానే వినబడుతున్నది. తాగినవాడి ‘అకట’ను ఎవరు పట్టించుకుంటారు?

ఛత్రపురం టీచరు
నా పూరణ.

ఇసుకతో నాలుమగలు తా మినునిఁ దీర్చి
కడపటి దినాన మురియుచుఁ గాంచుచుండఁ
బొంగి యొక తరంగము వచ్చి కౌఁగిలించె
అస్తమించెను దూర్పున నర్కుఁ డకట

రాయగడ కుర్రవాడు
టీచరు గారూ, నా పద్యాన్ని వెనక్కు తీసుకోవాలనిపిస్తున్నది. మబ్బూ లేదు, మత్తూ లేదు. ఇసుక సూర్యుడు తూర్పుతీరంలోనే కరిగిపోయాడు. కోణార్కలో నరసింహదేవుడు 13వ శతాబ్దంలో రాతితో కట్టించిన సూర్యాలయపు ప్రధాన శిఖరమే కూలిపోయినప్పుడు, ఆలుమగలు ఒక్క పూటలో పేర్చిన సూర్యుడు నిలుస్తాడా! అలకు ఇచ్చిన ‘కౌఁగిలించె’ అన్న క్రియ కొత్త దంపతుల కథలో ఎంతో సొగసుగా ఒదిగింది.

పర్లాకిమిడి పంతులు
కల్పన బాగున్నదని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. అయితే మూడవ పాదంలో ‘బొ’కు ‘కౌ’తో యతి ఏ శాస్త్రం ప్రకారం కుదిరిందో టీచరు గారు సెలవిస్తే, ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఛందస్సు చెబుతున్న నేను కూడా నేర్చుకుంటాను.

ఛత్రపురం టీచరు
అది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలిసే యతి. ‘బొంగి’, ‘కౌఁగి’ అని రెండవ అక్షరాలు చూడగలరు. గీతపద్యాలలో ప్రాసయతి చెల్లుతుందని పంతులు గారి విద్యార్థులకు కూడా తెలిసే ఉంటుంది.

పర్లాకిమిడి పంతులు
చెల్లుతుంది, కాదనను. కానీ ‘బొంగి’లో ఉన్నది నిండుసున్న, ‘కౌఁగి’లో ఉన్నది అరసున్న. నిండుసున్నతో కూడిన ప్రాసకు నిండుసున్నే జత. పోనీ, ‘కౌఁగి’ని ‘కౌంగి’గా మార్చుకుందామంటే, తెలుగు మాటల్లో దీర్ఘం మీద అరసున్న నిండుసున్నగా మారదు. కనుక ఈ పాదంలో అక్షరయతీ లేదు, ప్రాసయతీ లేదు. అల ఒక్కటే ఉన్నది.

ఛత్రపురం టీచరు
తమ పాత పద్యంలో రుషికుల్య నది మొగలో తాబేలును కోడిపెట్టలాగా గుడ్లమీద కూర్చోబెట్టి పొదిగించిన కవిగారి నుండి సున్నల పాఠం వినడం నా భాగ్యం. కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను: ఆలివ్ రిడ్లీ తాబేలు ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పేసి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి పోతుంది. పొదిగేది ఇసుకలోని వేడి. మా ఊరివాళ్లు ఏటేటా కళ్లారా చూసే సంగతి ఇది. ఆ పద్యంలో యతులన్నీ కుదిరాయి, తాబేలే కుదరలేదు.

నిర్వాహకుడు, బరంపురం
తాబేలును సముద్రంలోకి వదిలేయవలసిందిగా ఇద్దరినీ కోరుతున్నాను. సున్నల విషయంలో న్యాయం పంతులు గారి పక్షాన ఉన్నది. ‘పొదివికొనియె’ అని మారిస్తే యతి కుదురుతుంది గాని, కుర్రవాడు మెచ్చుకున్న కౌగిలి పోతుంది. ఆ పని చేయడానికి నాకు మనసు రావడం లేదు.

పర్లాకిమిడి పంతులు
కౌగిలిని ఎవరు విడిపించమన్నారు? ‘పొంగి’ని తీసివేయండి.

కడపటి దినాన మురియుచుఁ గాంచుచుండఁ
గదలి యొక తరంగము వచ్చి కౌఁగిలించె

‘గ’కూ ‘కౌ’కూ వర్గమైత్రి ఉన్నది, అకారానికి ఔకారంతో స్వరమైత్రి ఉన్నది. పైగా కౌగిలించుకోవడానికి వచ్చే అల పొంగుతూ రాదు, మెల్లగా కదిలే వస్తుంది.

రాయగడ కుర్రవాడు
ఒక్క మాటతో యతి నిలబడింది, అల స్వభావం కూడా మారిపోయింది. ఇంత చేయగల పంతులు గారు తమ పద్యంలో ‘పట్టలేక’ను ఎందుకు ఉండనిచ్చారో నాకు అర్థం కావడం లేదు.

ఛత్రపురం టీచరు
‘గదలి’ని స్వీకరిస్తున్నాను, కృతజ్ఞతలు. దానికి బదులుగా పంతులు గారు తమ తాబేటి పద్యాన్ని సవరించాలని నా షరతు.

పర్లాకిమిడి పంతులు
ఆ పద్యం సవరించడానికి వీలు లేదు. కవిత్వంలో చకోరం వెన్నెల తాగవచ్చు, హంస పాలను నీళ్లనుండి వేరు చేయవచ్చు. మా పర్లాకిమిడి తాబేలు గుడ్లు పొదగకూడదా?