చదువుకునే పిల్లలకు మొదటి కారు: గీతలు పడ్డా బాధలేని పాత బండా, గట్టి బండా?

కోవూరు నాన్న
పాపకు 18 నిండాయి, లైసెన్సు వచ్చింది. చదివేది నెల్లూరు అవతల కాకుటూరు దగ్గర, హైవే పక్కన. కోవూరు నుంచి రానూపోనూ 40 కిలోమీటర్ల పైమాటే. స్కూటీతో ఆ హైవే ఎక్కించడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. చేతిలో 5 లక్షలు ఉన్నాయి. మా బావమరిది ఏమో 'ఎట్టాగూ గుద్దుకుంటా నేర్చుకునే బండే గదా, రెండు లక్షల్లో పాత ఆల్టో చాలు' అంటాడు. ఇంట్లో ఆమె 'కొంటే కొత్తది కొనండి, లేకపోతే బస్సే' అంటది. తెలిసినవాళ్లు ఏదో ఒకటి తేల్చండి. బండి నా పేరునా, పాప పేరునా అన్నది కూడా చెప్పండి.

ట్రంకురోడ్డు రెంచి
మీ బావమరిది మాట కొట్టిపారెయ్యబాకండి సార్. కొత్త చేతిలో మొదటి ఏడాది దెబ్బతినేవి నాలుగే: బంపర్లు, ఎడమ తలుపులు, ఎడమ అద్దం, క్లచ్ ప్లేటు. ఎడమవైపే ఎందుకంటే డ్రైవరు కూర్చునేది కుడివైపు, ఎడమ మూల ఎక్కడుందో అంచనా చిక్కేసరికి నెలలు పడతది. క్లచ్ పోయేది గేరు మార్చేటప్పుడు కాదు, ట్రాఫిక్‌లో పాదం తీయకుండా పెడల్ మీద ఆనించి ఉంచడం వల్ల. సగం నొక్కి ఉంచితే ప్లేటు రుద్దుకుంటానే తిరగతది.

కొత్త బండైతే బీమాలో రాబట్టుకోవచ్చంటారు. ఒక్క క్లెయిము వేస్తే అప్పటిదాకా కూడిన నోక్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నాకు వస్తది. వేయకుండా ఉంటే మొదటి ఏడాదికి 20 శాతం, ఐదేళ్లకు 50 శాతం దాకా ఎక్కేది. పైగా క్లచ్ ప్లేటు అరుగుదల కిందికి వస్తది, దానికి పాలసీ పైసా ఇవ్వదు. అందుకని మూడు లక్షల్లోపు బండి తీసుకోండి, 50 వేలు టైర్లకూ బ్యాటరీకీ బ్రేకులకూ పక్కన పెట్టండి, మిగతాది బ్యాంకులో ఉండనీండి.

ఒంగోలు ఏబీఎస్
రెంచి గారూ, మీ లెక్కంతా బంపరు గురించే. బంపరు వెనక కూర్చునే పిల్ల సంగతేంది?

ఆ దారి ఊళ్లో దారి కాదు. కృష్ణపట్నం పోర్టు లారీలు, డివైడరు సందుల్లోంచి ఎదురొచ్చే బైకులు, వెనక లైటు లేని ట్రాక్టర్లు అన్నీ అక్కడే. 80లో పోతుంటే ట్రాక్టరు అడ్డం వచ్చిందనుకోండి, కొత్తగా నేర్చిన వాళ్లు చేసేది ఒక్కటే, బ్రేకు మీద నిలబడతారు. ఏబీఎస్ లేకపోతే చక్రాలు బిగుసుకుపోతాయి. బిగుసుకున్న చక్రం స్టీరింగు మాట వినదు, ఎటు తిప్పినా బండి నేరుగానే జారతది. ఏబీఎస్ ఉంటే సెకనుకు ఎన్నోసార్లు బ్రేకును పట్టి వదులుతా చక్రాన్ని తిరగనిస్తది, అందుకే తప్పించుకోను వీలుంటది. అప్పుడు పెడల్ కాలి కింద దడదడ కొడతది. ఏదో విరిగిందనుకొని కాలు తీస్తారు చాలామంది. తీయకూడదు, నొక్కిపట్టి స్టీరింగు తిప్పాలి.

నా గీత ఇది: 2019 జులై 1 తర్వాత తయారైన కారు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటుబెల్టు హెచ్చరిక, 80 దాటితే మోగే అలారం, వెనక పార్కింగ్ సెన్సార్లు ఆ తేదీ నుంచి కార్లన్నిటికీ తప్పనిసరి. ఏబీఎస్ అదే ఏడు ఏప్రిల్ నుంచే. పక్క సీటు ఎయిర్‌బ్యాగు మాత్రం అన్ని మోడళ్లకూ వచ్చింది 2022లో. మన దగ్గర నంబరు ప్లేటు చూస్తేనే సగం సంగతి తెలిసిపోతది. నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27 అంటే దాదాపుగా పాత బండే. రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 మొదలైంది 2019లో.

ట్రంకురోడ్డు రెంచి
ఏపీ 26 అన్నంత మాత్రాన తీసిపారేస్తే ఎట్టా? 2017, 2018 బండ్లలో పై వేరియంట్లకు రెండు ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్ ఉన్నాయి. డిక్కీ మీద వేరియంటు పేరు స్టిక్కరు నమ్మబాకండి, యాభై రూపాయలకు దొరకతది. తాళం చెవి ఆన్‌లో పెట్టి మీటరు చూడండి. ఏబీఎస్ గుర్తూ, ఎయిర్‌బ్యాగు గుర్తూ వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా ఘోరం. ఎప్పుడో గుద్దుకుని బ్యాగు పేలిపోయింది, కొత్తది వేయించకుండా ఆ లైటు కనపడకుండా చేశారని అనుమానించాలి. స్టీరింగు మధ్య మూత రంగు చుట్టుపక్కల ప్లాస్టిక్కుతో కలవకపోయినా అదే అనుమానం.

కావలి హ్యాచ్‌బ్యాక్
ఇంట్లో ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదే! 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకు ముందు 28, దాని మీద సెస్సు. ఆల్టో కే10, వ్యాగన్ఆర్‌లకు 2025లోనే ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇచ్చారు. షోరూం ధర ఒకటి చూసుకొని పోకండి, లైఫ్ టాక్సూ బీమా కలిపి ఆన్‌రోడ్ ఎంతో అడగండి. కొత్త కారుకు థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి కట్టే బీమా, మూడేళ్లకు ఒకేసారి కట్టాలి, ఆ మొత్తం కూడా అందులోనే ఉంటది. అయినా వారంటీతో వచ్చే కొత్త బండి ముందర ఊరూపేరూ తెలియని పాత బండి దేనికి?

ఒంగోలు ఏబీఎస్
ఎయిర్‌బ్యాగుల లెక్క వేరు, డొప్ప, అంటే బండి ఇనుప బాడీ, దాని గట్టితనం వేరు అన్నా. వ్యాగన్ఆర్‌కు కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2019లో ఇచ్చింది 2 స్టార్లు, 2023లో 1. డొప్ప నిలకడగా లేదని కూడా రాశారు. అవి ఆరు బ్యాగుల బండ్లు కావు, ఒప్పుకుంటా. కానీ డొప్ప నలిగి డాష్‌బోర్డు మోకాళ్ల మీదికి వస్తే పక్క బ్యాగులు ఎన్నుండి ఏం లాభం? అదే టియాగో 2020లో రెండే బ్యాగులతో 4 స్టార్లు తెచ్చుకుంది. ఆ ఏటి టియాగో పెట్రోలుది 5 లక్షల్లోపే దొరకతది.

ఇంకొకటి. 2022 జులై నుంచి పరీక్ష కఠినం చేశారు, పక్క నుంచి గుద్దే పరీక్షా, బండి అదుపు తప్పి జారకుండా పట్టే ఈఎస్‌సీ చేర్చారు. కాబట్టి 2020 స్టార్లనూ 2023 స్టార్లనూ పక్కపక్కన పెట్టి కూడబాకండి. ఏ ఏటి పరీక్షో అడిగి చూడండి. మన భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది 2023 అక్టోబరులో, దాని ఫలితాలు ఆ తర్వాత పరీక్షించిన బండ్లకే.

కావలి హ్యాచ్‌బ్యాక్
2020 పరీక్షను 2023 పరీక్షతో కలపొద్దని మీరే చెప్పి, పైన మీరే కలిపారు గదా!

ఒంగోలు ఏబీఎస్
దొరికిపోయా. అయినా వ్యాగన్ఆర్‌ 2 స్టార్లు పాత పరీక్షవే, టియాగో 4 కూడా ఆ పాత పరీక్షలోదే. ఆ రెండూ పోల్చుకోండి.

పెన్నా గట్టు
మీరు స్టార్ల దగ్గరే ఉన్నారు, నెల్లూరులో పాత కారు కొనేవాడికి అసలు భయం నీళ్లు. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు చెన్నై వరదల్లో మునిగిన కార్లు ఎక్కడికి పోయుంటాయి? దగ్గరలో ఉన్న సంత మనదే. మన పక్కా తక్కువేం కాదు, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. మునిగిన బండిని కడిగి పాలిష్ కొట్టి సెంటు చల్లితే పైకి ఏమీ తెలియదు.

తెలుసుకునే పద్ధతి చెప్తా. ముందు సీటు బెల్టును చివరంటా లాగండి, పూర్తిగా. రోజూ వాడేటప్పుడు బయటికి రాని ఆ చివరి మూరెడు ముక్క మీద మట్టి చార కనిపిస్తే ఇంకేం చూడబన్లేదు, లేచి రండి. చారలు లేకపోతే సీటు పట్టాల బోల్టులు చూడండి, లోపలి బోల్టుకు తుప్పెందుకు పడతది? స్టెప్నీ తీసి ఆ గుంతలో వేలు పెట్టండి, ఇసుక తగలతది. తివాచీ ఎత్తి కింది స్పాంజి నొక్కండి. డాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టెలో పచ్చని పొడి ఉంటే వైరింగు నానింది, అది ఈ రోజు కిటికీ, రేపు ఏబీఎస్, ఎల్లుండి స్టార్టింగు అని ఒక్కోటిగా చంపతది.

టీఎన్, అంటే తమిళనాడు బండి అయితే అక్కడి ఆర్టీఏ ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే పత్రం ఎన్‌వోసీ, అంటే ఫారం 28 రావాలి. ఇక్కడ 12 నెలలు దాటి తిప్పితే మన నంబరు వేయించుకోవాలి, వయసును బట్టి మన లైఫ్ టాక్సు కట్టాలి. అక్కడ కట్టింది వెనక్కి తెచ్చుకోవడం వేరే తిరుగుడు. 'ఎన్‌వోసీ తర్వాత ఇస్తాం' అన్నవాడికి డబ్బు కూడా తర్వాతే.

కొత్తపట్నం గాలి
తీరంలో తిరిగిన బండి అయితే కిందికి దూరి చూడాల్సిందే. మైపాడు, కొత్తపట్నం పక్క ఉప్పుగాలి ఒక ఎత్తు, రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద కారే నీళ్లు ఇంకో ఎత్తు. జాకీ పెట్టే చోట్లు, సైలెన్సరు జాయింటు, వెనక చక్రాల లోపలి అంచు చూడండి. పైపై తుప్పు గోకితే ఇనుము తగలతది, పరవాలేదు. స్క్రూడ్రైవరు మొన లోపలికి దిగిందంటే వదిలెయ్యండి.

కొన్నాక అండర్ కోటింగు వేయిస్తారు గదా, తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న బెజ్జాలు మూసుకుపోకుండా చూడండి. అవి మూతపడితే నీళ్లు లోపల నిలిచి తలుపు లోపల్నుంచి తుప్పు తింటది.

బీమా లెక్క
పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. సార్, మీకు కారు లైసెన్సు ఉందా? ముందు అది తేల్చుకోండి. పాలసీలో తప్పనిసరిగా వచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఓనరు డ్రైవరుకే. ఆర్సీలో పేరున్న మనిషి, లైసెన్సు ఉన్న మనిషి ఒకరే అయ్యుండాలి. మీ పేరున బండి ఉండి పాప నడుపుతుంటే ఆ 15 లక్షలు పాపకు వర్తించవు. రోజూ నడిపేది పాపే కాబట్టి ఆర్సీ పాప పేరున ఉండడం మేలు. మీ పేరునే ఉంచితే పాపకు విడిగా ప్రమాద బీమా తీసుకోండి.

పాత బండికి థర్డ్ పార్టీ ఒకటే కట్టి వదిలేస్తుంటారు, కాలేజీ పిల్లలకు అది అసలు పనికిరాదు. అందులో ఎదుటివాళ్లకే రక్షణ, పక్కన కూర్చున్న స్నేహితురాలికి దెబ్బ తగిలితే రాదు. ప్యాకేజీ పాలసీ, అంటే కాంప్రహెన్సివ్ తీసుకుంటేనే కార్లో ఎక్కినవాళ్లకు వర్తిస్తది.

కొన్నాక ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు. పాలసీ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. పాత ఓనరు నోక్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతది, బండితో రాదు. బండి మీద లోను తీరింటే, అది తీరిందని చెప్పే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. చలాన్లు కూడా చూసుకోండి.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు: మొదటేడు పిల్లలు కొందరికి ఇంకా 17. బండిస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ కింద మీకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

పెన్నా గట్టు
బీమా లెక్క గారూ, ఇంజనులోకి నీళ్లు పోయి చెడితే ఆదుకునే అదనపు కవరు, ఇంజను ప్రొటెక్షన్ మాట మర్చిపోయారు. వాన పడితే నెల్లూరులో రైలుకట్ట కింద అండర్ బ్రిడ్జిలు చెరువులే. సగం చక్రం మునిగే లోతుంటే దిగకూడదు. దిగి బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు, న్యూట్రల్‌లో పెట్టి తోయించుకోవాలి. గాలిపోయే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి. గాలి నలగతది గానీ నీళ్లు నలగవు. పిస్టను పైకి వచ్చి నీళ్లకు గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగతది. ఒక్క సెల్ఫ్‌కు ఇంజను చేటు. మామూలు పాలసీలో 'నువ్వే స్టార్టు చేశావు' అని తోసిపుచ్చతారు.

కావలి హ్యాచ్‌బ్యాక్
గేర్లు లేని బండైతే సగం గొడవ తగ్గదా?

ట్రంకురోడ్డు రెంచి
చిన్న కార్లలో వచ్చేది ఎక్కువగా ఏఎంటీ. లోపల మామూలు క్లచ్చే, కాలికి బదులు మోటారు నొక్కతది. ఫ్లైఓవరు ఎక్కేచోట బ్రేకు వదిలి యాక్సిలేటరు మీదే బండిని ఆపి నిలబెడితే క్లచ్ కాలిపోతది. కొత్తదైతే సరే, పాత ఏఎంటీ అయితే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక ఒకసారి ఒకటి నుంచి రెండుకు మారడం గమనించండి. కుదుపు పెరిగితే వద్దు.

డీజిలు జోలికి పోబాకండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిళ్లలో మసి పట్టే ఫిల్టరు ఉంటది. అది కాలి శుభ్రపడాలంటే కాసేపు నిలకడగా హైవే వేగం కావాలి. కాలేజీ లేని రోజుల్లో ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిప్పితే మూసుకుపోతది.

కోవూరు నాన్న
పేరు పాపది, ప్యాకేజీ పాలసీ, ఇంజను ప్రొటెక్షన్. 2020 టియాగో పెట్రోలు గేర్ల బండి ఒకటి వేదాయపాళెంలో చూసొచ్చా. బెల్టు లాగి చూశా, చార లేదు. టైర్లు కూడా బాగానే కనపడతన్నాయి, గాట్లు లోతుగా ఉన్నాయి.

ట్రంకురోడ్డు రెంచి
గాట్లు కాదు సార్, పక్క గోడ మీద గుండ్రటి గీతలో నాలుగంకెలు చదవండి. 1420 అంటే 2020లో 14వ వారం. అట్టాంటివే ఉంటే బండితో వచ్చిన టైర్లు, గాట్లున్నా రబ్బరు గట్టిపడింటది, తడి రోడ్డు మీద ఏబీఎస్ కూడా ఏం చెయ్యలేదు. నాలుగూ మార్చే ఖర్చు బేరంలో తగ్గించమనండి. స్టెప్నీ అంకెలు కూడా చూడండి.

ఒంగోలు ఏబీఎస్
కొన్నాక మొదటి ఆదివారం తెల్లారి ఖాళీ రోడ్డు చూసుకోండి. వెనక ఎవరూ లేకుండా 40లో పోతా పాప చేత బ్రేకు గట్టిగా తొక్కించండి, నాలుగైదు సార్లు. ఆ దడదడ కాలికి ముందే తెలిసుండాలి. ఆ తర్వాత హైవే ఎక్కించండి, మొదటి నెల పక్కన మీరుండి.